వరస పూర్తయ్యేదాకా

ఆమె అసలు పేరు ఆస్పత్రి హాజరుపట్టీలో మాత్రమే ఉంది. మిగతా ప్రపంచానికంతటికీ ఆమె మేస్త్రి కూతురు. తాపీ మేస్త్రి పోయి ఇరవై రెండేళ్ళయింది. కూతురికి యాభై ఆరు నిండాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, కళ్ళజోడు అద్దాలు రెండుసార్లు మారాయి. అయినా పిలుపు మారలేదు, ఆమె మార్చనివ్వలేదు కూడా.

పని ఆస్పత్రి లాండ్రీలో. నేలకింద ఉన్న పెద్ద గది అది. ఒక గోడ పొడుగునా ఉతికే యంత్రాలు, ఇంకో గోడకు ఆరబెట్టే యంత్రాలు, మధ్యలో మడత బల్ల. వార్డుల నుంచి దుప్పట్లు మూటలు మూటలుగా దిగుతాయి, మడతలై పైకి వెళ్తాయి. అక్కడ ఒకటే చట్టం: ఉతికిన దుప్పటి అంచు నేలకు తగిలిందా, అది మళ్ళీ మురికిదే, మళ్ళీ యంత్రంలోకే. అందుకే దుప్పటి ఎప్పుడూ ఇద్దరు మడతపెడతారు. చెరో కొస పట్టుకుని లాగి, ఒకరి దగ్గరికి ఒకరు నడిచి, మళ్ళీ వెనక్కి వెళ్ళి. ఒక్కరే మడతపెడితే ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా నాలుగింటిలో ఒకటి నేల నాకుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆ పనే చేస్తోంది.

ఆదివారాలు మాత్రం ఆమె సైకిల్ షాపు వెనక ఉన్న పొడుగాటి గదిలో ఉండేది. ప్రార్థన గది. దాన్ని కట్టింది ఆమె తండ్రే. అప్పుడు ఆమెకు పదకొండేళ్ళు, చెల్లెలికి ఏడు. బడి నుంచి రాగానే ఇద్దరూ ఇటుకలు అందించేవాళ్ళు. ఈమె రెండేసి, చెల్లెలు ఒక్కొక్కటి, అదీ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు హత్తుకుని. కట్టిన గోడకు నీళ్ళు కొట్టే పని కూడా వాళ్ళిద్దరిదే. నీళ్ళు గోడ మీదకంటే ఒకరి మీద ఒకరు ఎక్కువ కొట్టుకునేవాళ్ళని మేస్త్రి చనిపోయేదాకా చెప్పి నవ్వుకునేవాడు.

ఆ గదిలో వాక్యం చదివే పద్ధతి కూడా మేస్త్రి పెట్టిందే. అధ్యాయం ఒక్కరే చదవరు. కుర్చీలు గుండ్రంగా వేసుకుని వరసలో తలా ఒక వచనం చదువుతారు. ఎవరైనా రాకపోతే వాళ్ళ వచనాన్ని పక్కవాళ్ళు చదివెయ్యకూడదు. అది చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అందరూ మౌనంగా ఉండి, తర్వాతి వచనానికి వెళ్తారు. ఆరాధన అయ్యాక ఒకరు ఆ వచనాన్ని కాగితం మీద రాసి, రానివాళ్ళ ఇంటికి పట్టుకెళ్ళి, ఎదురుగా కూచుని పైకి చదివిస్తారు. చదివితే అధ్యాయం పూర్తయినట్టు. చదవకపోతే వచ్చే ఆదివారం మళ్ళీ అదే అధ్యాయం.

మేస్త్రికి చదువు రాదు. శనివారం సాయంత్రం తన వచనాన్ని పెద్దకూతురి చేత చెప్పించుకుని బట్టీపట్టేవాడు. ఎందుకీ తంటా అని ఎవరైనా అడిగితే ఆయన జవాబు ఒకటే: "వరసలో ఒక ఇటుక వదిలేసి పై వరస ఎత్తమంటావా? ఎత్తుతా. గోడ కింద నువ్వు నిలబడతావా?" అడిగినవాడు మళ్ళీ అడిగేవాడు కాదు.

తండ్రి తర్వాత ఆ పద్ధతికి కాపలా పెద్దకూతురిదే. కాపలా అంటే మామూలు కాపలా కాదు, ఉడుంపట్టు. సైకిల్ షాపు అతను కుర్రతనంలో రెండు వారాలు ఎగ్గొడితే, బస్సెక్కి కూచున్నవాడి కిటికీ దగ్గరికి పోయి కాగితం లోపలికి తోసి, డ్రైవరు హారన్ కొడుతున్నా వినకుండా చదివించింది. బస్సంతా విన్నది. "అక్కా, నేను దేవుడికంటే నీకే ఎక్కువ భయపడతాను" అనేవాడతను. "ముందు నాతో మొదలుపెట్టు, తర్వాత ఆయన దగ్గరికి వెళ్దువుగాని" అనేది ఈమె.

అలాంటి మనిషి ఒక ఆదివారం ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయింది.

చెల్లెలు ఎనిమిది నెలలు మంచం పట్టింది. కిడ్నీలు. ఈమె పనిచేసే ఆస్పత్రిలోనే, పై అంతస్తులో. చెల్లెలి మంచం మీద దుప్పట్లు ఈమె చేతుల మీదుగానే పైకి వెళ్ళేవి. వాటిని మడతపెట్టేటప్పుడు ప్రార్థన చేసేది. గదిలో పదిహేడు మందీ చేశారు, ఉపవాసాలున్నారు, వంతులేసుకుని మంచం దగ్గర కూచున్నారు. చెల్లెలు పోయింది. చెల్లెలి కూతురు, మందుల దుకాణంలో పనిచేసే పిల్ల, పెద్దమ్మ ఒళ్ళో తలపెట్టుకుని ఏడవడం కూడా మానేసి అలా చూస్తూ ఉండిపోయింది.

సమాధి చేసిన నాలుగో రోజు ఆదివారం. గదిలో కుర్చీలు ఎప్పట్లాగే ఉన్నాయి. చెల్లెలిది పన్నెండో కుర్చీ, సీటు మీద తను కుట్టుకున్న నీలం దిండు ఉంది. పక్కన పదమూడోది ఈమెది, పద్నాలుగోది ఆ పిల్లది. ఎవరైనా చనిపోతే మధ్యలో ఖాళీ ఉంచరు. తర్వాతివాళ్ళు ఒక్కో కుర్చీ ముందుకు జరుగుతారు, ఆఖరి కుర్చీని మడిచి గోడకు ఆనిస్తారు. అదీ మేస్త్రి లెక్కే. ఆ రోజు ఆరాధన నడిపించేది రిటైరైన స్టేషన్ మాస్టారు. గడియారంతో పుట్టాడా అన్నట్టుండే మనిషి. టైమయింది. అందరూ పన్నెండో కుర్చీని చూడకుండా ఉండటానికి తంటాలు పడుతున్నారు. ఆయన గొంతు సవరించుకుని అన్నాడు, "జరగమ్మా. మధ్యలో ఖాళీ ఉండకూడదు."

ఆమె ఆ నీలం దిండు వంక చూసింది. అది ఇంకా కూచున్న మనిషి ఆకారంలో నొక్కుకుపోయి ఉంది. లేచి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

"ఇక వెళ్ళను. ఎందుకెళ్ళాలి?" అంది ఆ మధ్యాహ్నం చెల్లెలి కూతురితో. "ఇంట్లో దేవుడు లేడా? ఆయనా నేనూ మాట్లాడుకుంటాం. మధ్యలో ఈ జనం దేనికి?"

ఆ మాట మీద నిలబడటానికి ఆమె నిజంగా ప్రయత్నించింది. మొదటి ఆదివారం ఇంట్లో గంటసేపు మోకాళ్ళ మీద ఉంది, నడుం పట్టేసింది. రెండో ఆదివారం అరగంట. మూడోసారి మధ్యలో స్టవ్ మీద పాలు గుర్తొచ్చి లేచి, మళ్ళీ కూచోలేదు. ఐదోసారికి మోకాళ్ళ నొప్పి అని కుర్చీలోకి మారింది, కుర్చీలో నిద్ర పట్టేసింది. ఎనిమిదోసారికి ప్రార్థన మొత్తం రెండు మాటలకు దిగింది: "సరే ప్రభువా." దేన్ని సరే అంటోందో ఆమెకే తెలియదు. పాట ఎత్తుకుంటే రెండో చరణం గుర్తుండేది కాదు. రెండో చరణం ఎప్పుడూ చెల్లెలే అందుకునేది.

అక్కడ గదిలో వాళ్ళు మాత్రం ఊరుకున్నారా? ఊరుకుంటే వాళ్ళు ఆమె చేతికింద పెరిగిన వాళ్ళెలా అవుతారు! ఆమె లేచి వెళ్ళిన రోజు చదివిన అధ్యాయం, పాడుబడిన ఒక పట్టణపు గోడను తిరిగి కట్టిన వాళ్ళ జాబితా. ఫలానావాడు ఇక్కణ్ణించి ఇక్కడిదాకా కట్టాడు, వాడి పక్కన ఇంకొకడు కట్టాడు, వాడి పక్కన మరొకడు. ముప్పై రెండు వచనాలు. ఇప్పుడు మిగిలింది పదహారు మంది, తలా రెండు. ఆమె వంతుకు వచ్చిన రెండూ మౌనంగా మిగిలాయి. ఆ మధ్యాహ్నం చెల్లెలి కూతురు కాగితం తెచ్చింది. ఆమె తీసుకుంది, విప్పకుండా ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పడేసి మూత బిగించింది.

రెండో ఆదివారం మళ్ళీ అదే అధ్యాయం, మళ్ళీ కాగితం, మళ్ళీ డబ్బా. మూడోసారి సైకిల్ షాపు అతను వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు.

"అక్కా, చదివెయ్యి. నీకు దండం పెడతాను. అన్నీ పేర్లే. నాకొచ్చిన వచనంలో పేర్లు పలికేసరికి నాలుక మెలికపడి, పిల్లలు నవ్వుతున్నారు."

"పలకడం నేర్చుకో. ఇంకా చాలా వారాలు పలకాలి."

"ఆ బస్సు కిటికీ గుర్తుందా నీకు?"

"గుర్తుంది. నీకు బుద్ధి లేదు కాబట్టి చదివించాను. నాకు బుద్ధుంది. నువ్వెళ్ళు."

అతను నవ్వుతూనే లేచాడు గాని వెళ్ళేటప్పుడు ఒక మాటన్నాడు. "మేం పై వరస ఎత్తం అక్కా. ఏడాదైనా సరే."

అలా వంతులవారీగా వస్తూనే ఉన్నారు. ఒకరు కూరల సంచీతో, ఒకరు చంటిబిడ్డతో. ఎవరూ నీతులు చెప్పలేదు. కూచునేవాళ్ళు, కాసేపు ఉండేవాళ్ళు, కాగితం ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ఆమెకు ఒళ్ళు మండేది. మండేదంటే, తన మీద తనకే. తను ఇన్నేళ్ళూ అందరి గుమ్మాల్లో సరిగ్గా ఇలాగే కూచుంది మరి. వాళ్ళను తిట్టాలంటే ముందు తనను తిట్టుకోవాలి.

తొమ్మిదో ఆదివారం ఆమె వాకిట్లో బట్టలు ఆరేస్తుంటే ఎదురింటి తలుపు తెరిచే ఉంది. చెల్లెలి ఇల్లు ఆ ఎదురిల్లే. సందుకు ఇటు ఈమె, అటు వాళ్ళు. ప్రార్థన వేళకు చెల్లెలి కూతురు మెట్టు మీద కూచుని గోళ్ళు కత్తిరించుకుంటోంది.

"ఏమే, టైమవలేదా?"

"నేను వెళ్ళట్లేదు పెద్దమ్మా."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఇంట్లో దేవుడు లేడా ఏంటి?" ఆ పిల్ల గొంతులో వెటకారం లేదు. అదే ఆమెను భయపెట్టింది. చిలక్కి చెప్పినట్టు చెప్పింది తనే, పిల్ల నేర్చుకుంది. ఆమె తడిబట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. వెళ్ళవే అని చెప్పడానికి నోరు లేవలేదు. ఏ మొహంతో చెప్తుంది?

తర్వాతి వారం లాండ్రీలో ఇంకో దెబ్బ తగిలింది. ఆమెతో దుప్పట్లు మడతపెట్టే జోడీ మనిషి, చిన్నది, పెళ్ళై మూడేళ్ళు, పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. భర్త మేడ మీద పనిచేస్తూ జారిపడ్డాడు, ఆపరేషనట. "అక్కా, నువ్వు ప్రార్థన చేస్తావు కదా. ఒక్క మాట చెయ్యవా, ఇక్కడే, ఇప్పుడే" అంది. ముప్పై ఏళ్ళలో ఆ బల్ల దగ్గర ఆ మాట ఎంతమంది అడిగారో లెక్కలేదు, ఒక్కరికీ కాదనలేదు. ఆమె దాని చేతులు పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. నోరు తెరిచింది. ఏమీ లేదు. లోపల చెయ్యి పెట్టి వెతికినా ఏమీ తగల్లేదు. యంత్రాలు తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. కళ్ళు తెరిస్తే ఎదుటి పిల్ల ఇంకా కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది.

"అవుతుందిలే, బాగవుతుందిలే" అని దాని భుజం తట్టి పంపేసింది. ఆ అబ్బాయికి ఆపరేషను బాగానే అయింది. ఈమెకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. కోపంతో గది మానేసింది, అంతవరకూ ఆమెకు తెలుసు. కోపం ఉన్నన్నాళ్ళు దేవుడు ఎదుట ఉన్నట్టే లెక్క, లేనివాడి మీద ఎవరికి కోపం వస్తుంది? ఇప్పుడు కోపం కూడా లేదు. గోడకు నీళ్ళు కొట్టడం ఆపేస్తే పైకి ఏమీ కనపడదు, లోపల ఇటుక ఇటుకను వదిలేస్తుంది. మేస్త్రి కూతురికి ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

పదకొండో ఆదివారం ఆమెకు డ్యూటీ పడింది. జోడీ పిల్ల మొగుడి దగ్గర ఉండటానికి సెలవు పెట్టింది. ఒక్కతే మడత బల్ల దగ్గర దుప్పట్లతో కుస్తీ పడుతోంది. అప్పటికే మూడు నేలకు తగిలి తిరిగి యంత్రంలోకి వెళ్ళాయి. మధ్యాహ్నం రెండుంపావుకు వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గారు. ఇస్త్రీ చొక్కా, పై బొత్తాం దాకా పెట్టుకుని, చేతిలో మడిచిన కాగితం. స్టేషన్ మాస్టారు.

ఆమె పలకరించలేదు. దుప్పటి తీసి విసిరింది. అది సగం బల్ల మీద, సగం గాల్లో. ఆయన గబుక్కున ముందుకొచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

"చేతులు కడుక్కున్నారా?" అంది ఆమె. పదకొండు వారాల్లో ఆయనతో అన్న మొదటి మాట అది.

ఆయన వెళ్ళి కడుక్కుని వచ్చాడు. మళ్ళీ కొస పట్టుకున్నాడు.

"లాగండి. ఇంకా. ఇప్పుడు నా దగ్గరికి రండి. రండి అంటే రావాలి మాస్టారూ, సిగ్నల్ కోసం చూస్తారేంటి?"

ఆయన వచ్చాడు, కొస జారింది, దుప్పటి నేల మీద పడింది. "పోయింది. మళ్ళీ మొదటికి" అని ఆమె దాన్ని యంత్రం వైపు గిరాటేసింది. రెండోది కూడా పోయింది. ఐదోదానికి ఆయన చెయ్యి కుదిరింది. ఇరవై దాకా మాటల్లేకుండా సాగింది. ఆ తర్వాత ఆయనే మొదలుపెట్టాడు, దుప్పటి అంచు చూసుకుంటూ.

"నా వంతు వచ్చిన వచనం ఏంటో తెలుసా మీకు? ఆ ఊళ్ళో పెద్దమనుషులు కొందరు పనికి మెడ వంచలేదని. పదకొండు వారాలుగా అందరి ముందూ అదే చదువుతున్నాను. పిల్లలు నా వైపే చూస్తున్నారు. నా కోసమే రాసినట్టుంది."

ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు రాకూడదు.

"మా ఆవిడ పోయిన వారం మీకు గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? ఎనిమిదేళ్ళయింది. ఆవిడకు చీర కట్టింది మేమే, నేనూ మా చెల్లెలూ."

"ఆ ఆదివారం గదికొచ్చి నా కుర్చీలో కూచున్నాను. ముందు కుర్చీ ఆవిడది. ఎవరూ నోరు మెదపట్లేదు. అప్పుడొకరు అన్నారు, 'జరగండి మాస్టారూ, మధ్యలో ఖాళీ ఉండకూడదు' అని."

దుప్పటి ఆమె చేతుల్లో ఆగిపోయింది. "ఎవరన్నారు?"

"మీరే."

ఆమెకు గుర్తులేదు. ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. అన్నానా? అనే ఉంటాను, అనకుండా ఎలా ఉంటాను, అనుకుంది. ఆ మాట ఒక మనిషి గుండెలో ఎక్కడ దిగిందో వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు.

"ఈవిడకు గుండె ఉందా, గుండె ఉండాల్సిన చోట రాయి ఉందా అనుకున్నాను" అన్నాడాయన. "నాలుగు వారాలు రాలేదు. నాలుగో వారం మీరిద్దరూ కాగితం పట్టుకుని మా గుమ్మంలో కూచున్నారు. చదవను పొమ్మన్నాను. 'మాకేం తొందర లేదు మాస్టారూ, ఈ పూట సెలవే' అన్నారు మీరు. మీ చెల్లెలు ఏమీ అనలేదు, లోపలికెళ్ళి వారం రోజుల అంట్లు తోమేసింది. మిమ్మల్ని వదిలించుకోవడానికి చదివేశాను."

"వదిలించుకున్నారా?"

"ఎక్కడ వదిలారు!" ఆయన నవ్వబోయి ఆగాడు. "ఆవిడ కుర్చీలోకి జరిగాక ఏడాదిపాటు నాకు ప్రార్థన రాలేదమ్మా. ఎవరికీ చెప్పలేదు. ఊరికే పెదాలు కదిపేవాణ్ణి. చుట్టూ మీ గొంతులు వినిపించేవి. ఇవాళ నాకు లేకపోయినా వీళ్ళకుంది కదా అనుకుని కూచునేవాణ్ణి. అలా మీ నమ్మకం మీద ఏడాది బతికాను. ఒక రోజు నాది నాకు తిరిగొచ్చింది, ఎప్పుడొచ్చిందో కూడా తెలియదు. ఇంట్లో ఒక్కణ్ణే ఉండిపోతే వచ్చేది కాదు."

యంత్రం ఒకటి ఆగి కీచుమంది.

"ఆ రోజు నేనన్న మాట తప్పు కాదు. అన్న రోజు తప్పు. మట్టి ఆరకముందే అన్నాను. ఆ ఖాళీ కుర్చీ చూడలేక, టైము వెనకాల దాక్కుని అన్నాను. క్షమించండి."

ఆమె దుప్పటి కొసతో కళ్ళు తుడుచుకుంది. దాంతో అదీ ఉతకాల్సిందే అయింది. "ఎనిమిదేళ్ళ కింద నేను మిమ్మల్ని క్షమాపణ అడగనేలేదు మాస్టారూ."

"ఇప్పుడు అడగండి. నాకూ ఈ పూట సెలవే."

అడిగింది. ఇద్దరూ కలిసి మిగిలిన దుప్పట్లన్నీ మడిచారు. వెళ్ళేటప్పుడు ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు, చదవమనలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి ఆమె బిస్కెట్ల డబ్బా మూత తీసింది. పది కాగితాలు, చేతిలోది పదకొండోది. ఒక్కొక్కటీ విప్పి మంచం మీద పరిచింది. పదకొండు చేతిరాతలు, ఒకటి ముత్యాల్లాంటిది, ఒకటి కోడి కెలికినట్టుంది, ఒకదాని మీద సైకిల్ గ్రీజు వేలిముద్ర. అన్నిట్లోనూ ఉన్నవి అవే రెండు వచనాలు. మొదటిది పన్నెండో వచనం, చెల్లెలి కుర్చీ వంతు. గోడలో ఒక భాగాన్ని ఫలానా మనిషి కట్టాడని ఉంది. ఒక్కడే కాదట, అతనూ, అతని కూతుళ్ళూ.

ఆమె మంచం పక్కన నేల మీద కూలబడింది. పేజీల కొద్దీ మగవాళ్ళ పేర్ల మధ్య ఆ కూతుళ్ళు. ఎంతమందో రాయలేదు, పేర్లు రాయలేదు. ఇటుకలు అందించి ఉంటారు. చిన్నది ఒక్కొక్కటే, రొమ్ముకు హత్తుకుని. చెల్లెలు పోయిన దగ్గర్నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పక్కింటివాళ్ళకు వినిపిస్తుందేమోనన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది. ఏడుపు మధ్యలో ఆమెకే తెలియకుండా మాటలు వచ్చాయి. "చూస్తున్నావా ప్రభువా, అదెలా మోసేదో చూస్తున్నావా" అంటోంది. అది ప్రార్థన అని కాసేపటికి గాని ఆమెకు తట్టలేదు.

వచనం మాత్రం పైకి చదవలేదు. ఇక్కడ కాదు. చదివితే వాళ్ళ మధ్యే.

వారం గడిచింది. పన్నెండో ఆదివారం రెండుసార్లు సైకిల్ షాపు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి గది గుమ్మం ముందు మూడు మెట్లూ ఎక్కేసరికి లోపల చదవడం మొదలైపోయింది. తలుపు పక్కన గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. ఆ గోడ తండ్రిది. ఎనిమిదో వచనం, తొమ్మిదోది. సైకిల్ షాపు అతను పదోది చదివాడు, పేర్లు ఇప్పుడు నీళ్ళలా దొర్లిపోతున్నాయి. పదకొండు కూడా అయింది.

తర్వాత మౌనం.

నలభై ఐదేళ్ళుగా ఆమె ఎప్పుడూ లోపలే ఉంది కాబట్టి, తన కోసం పాటించే మౌనం ఎలా ఉంటుందో ఎన్నడూ వినలేదు. ఎవరూ దగ్గలేదు, పేజీ తిప్పలేదు. చంటిబిడ్డ ఒక్కసారి ఊ అంది. ఆమె నెమ్మదిగా చదివే మనిషని వాళ్ళందరికీ తెలుసు. అంత నెమ్మదిగానూ ఆగారు. పన్నెండు వారాలుగా ఇలాగే ఆగుతున్నారు.

ఆమె లోపలికి నడిచింది. ఎవరూ లేవలేదు, ఎవరూ అయ్యో అనలేదు, ఆ మాత్రం మర్యాద తెలిసిన జనమే. నీలం దిండు పన్నెండో కుర్చీలో అలాగే ఉంది. ఒక్క క్షణం ఆగి, దాని మీద కూచుంది. దిండు మెత్తగా ఆమెను పట్టుకుంది. కాగితం విప్పి, కళ్ళజోడు సవరించుకుని చదివింది. కూతుళ్ళన్న మాట దగ్గర ఆగింది. అందరూ ఆగారు. మళ్ళీ ఎత్తుకుని ఆఖరిదాకా చదివింది.

తర్వాతిది పదమూడో కుర్చీ, ఇప్పుడది చెల్లెలి కూతురిది. ఖాళీ. నాలుగు వారాలుగా ఖాళీ. మళ్ళీ మౌనం, ఈసారి చాలా పొడుగ్గా. పెద్ద వచనం అది. ఆమె తలవంచుకుని ఆ మౌనం మొత్తం విన్నది.

రెండో చుట్టులో ఆమెకు వచ్చింది ఇరవై ఎనిమిదోది. ఎవరి ఇంటి ఎదురుగా ఉన్న గోడను వాళ్ళు బాగుచేశారని అందులో ఉంది. చదువుతూనే ఆమె కళ్ళ ముందు తన ఇంటి ఎదుట మెట్టు, మెట్టు మీద కూచున్న పిల్ల కనిపించాయి.

ఆరాధన అయ్యాక అందరూ ఆమె చుట్టూ చేరారు. కావలించుకున్నారు, ఏడ్చారు, సైకిల్ షాపు అతను మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. "ఒకరొచ్చారంటే ఇంకొకరు! వచ్చే వారం కూడా ఈ గోడేనా అక్కా?"

"నోరు ముయ్యి. ఆ కాగితం ఇలా ఇయ్యి."

"ఎవరి వంతో చూడాలి కదా—"

"వంతు నాది" అంది ఆమె. బల్ల దగ్గర కూచుని పదమూడో వచనం, ఇరవై తొమ్మిదోది తనే రాసుకుంది, గుండ్రటి అక్షరాలతో, తొందరపడకుండా. చెప్పులు తొడుక్కుని బయల్దేరింది. ఇల్లు వచ్చినా తన గుమ్మం ఎక్కలేదు. సందు దాటి ఎదురింటి మెట్టు మీద, మోకాళ్ళు కలుక్కుమంటున్నా, చతికిలబడింది.

పిల్ల తలుపు దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ చేతిలో కాగితం చూసింది. మొహం ముడుచుకుంది.

"నేను చదవను పెద్దమ్మా. నాకు రావట్లేదు. ప్రార్థన రావట్లేదు, ఏదీ రావట్లేదు."

"నాకూ పోయిన వారం దాకా రాలేదు. ఇవాళ కాస్త వచ్చింది. కొన్నాళ్ళు నాది వాడుకో." ఆమె కాగితం పిల్ల వైపు చాచింది. "ముందు ఇది చదువు. నీ వంతు ఏం చిన్నది కాదే, ఒక గుమ్మం, తలుపులు, గడియలు, పైన వెయ్యి మూరల గోడ. మీ అమ్మ చోట నేను కూచున్నాను, నా పక్కన ఖాళీగా ఉంది."

పిల్ల కాగితం అందుకోలేదు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుంది.

"నాకేం తొందర లేదు. ఈ పూట సెలవే."